బడి ముందర బరి

రండి నాయనా, చలిమంట దగ్గరికి ఇంకొంచెం జరగండి. ఆ కంపకట్టె విరిచి మంటలో వెయ్యి అబ్బీ. మీ బడిలో ఆటల పోటీలంట కదా. కొత్త బూట్లు కొనిస్తే గానీ ఉరకనని మీ అమ్మతో పంతం పట్టినావంట. పట్టు, పంతం పట్టే వయసే. చెవులు మాత్రం ఇటు పెట్టు. మా బడిలో ఆటల ఏడాది ఎట్లా తిరిగేదో చెప్తా. కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అంటారు. మధ్యలో లేచిపోకుండా కూర్చో.

మా ఊరి బడి ఐదో తరగతి దాకానే. 1959లో పంచాయతీ సమితులు వచ్చినాయి, బడులు వాటి చేతికి పోయినాయి. అప్పట్నుంచి జనం దాన్ని సమితి బడి అనేవాళ్ళు. బండల మిద్దె, ఒక పెద్ద గది, ముందర వసారా, ఇద్దరు అయివార్లు. డ్రిల్లు అయివారనే మనిషిని మేము హైస్కూలుకు పోయినంకనే చూసినాము. చిన్నబళ్ళ సంగతి ఇప్పటికీ అంతే కదా. 2009 విద్యాహక్కు చట్టంలో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ఆటసామాను ఇవ్వాలని రాసినారు. వ్యాయామం నేర్పే మనిషి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగబట్టినారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో, వందమందికి పైన పిల్లలుంటే, కొద్ది గంటలు వచ్చిపోయే మనిషిని పెట్టమన్నారు. ఐదో తరగతి లోపు పిల్లలకు పలక దిద్దించే అయివారే పరుగూ నేర్పాల. ఏ కాలమైనా చిన్నబడిలో ఆట నిలిచేది ఆ అయివారి ఓపిక మీదనే. సరే, చట్టాల్లోకి దిగితే తెల్లారిపోతుంది. బరి దగ్గరికి వద్దాం.

మన అనంతపురం నేల సంగతి బడిలో చెప్పే ఉంటారు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మనకేనంటారు. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదనే కురిసేసి మనకు ఒట్టి గాలి పంపుతాయి. ఈశాన్యం వాన కోస్తాలో కురిసి ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది. రైతుకు అది కడుపుకోత. ఆటకు మాత్రం, వానొచ్చి ఆగిపోయిందన్న మాట లేదు. నిజంగా వానొచ్చిన పూట ఆగేది చదువే. పెద్ద అయివారు కూడా పుస్తకం మూసి వసారా అంచుకు వచ్చేవారు. చెయ్యి బయటికి చాపి, తడిసిన అరచెయ్యి మొహానికి రాసుకునేవారు. వాన వెలిసేదాకా ఎవరూ మమ్మల్ని లోపలికి పొమ్మనేవాళ్ళు కాదు.

బడి ముందర నేలంతా ఎర్ర గరుసు. ఉత్తకాళ్ళతోనే ఉరకాల. చెప్పులంటే పెళ్ళికో తిరునాళ్ళకో! వింటున్నావా బూట్ల దొరా? పోటీలు దగ్గరపడినాయంటే సాయంత్రం పిల్లలమంతా వరసగా కూర్చోని, జరుగుతూ జరుగుతూ పల్లేరుకాయలు ఏరేవాళ్ళం. పల్లేరుకాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. ఏరినవన్నీ పాత డబ్బాలో పోసి కాల్పించేవారు అయివారు, మళ్ళీ మొలవకుండా. నీళ్ళు చల్లి నేల అణగదొక్కితే బాగుండేది. బావిలో చేదతాడుకు ఇంకో మూర కలపాల్సిన ఎండల్లో ఆటకు నీళ్ళెవరిస్తారు? కంపతో ఊడ్చేసి సరిపెట్టుకునేవాళ్ళం.

గీతలు గీసేది ఆడపిల్లలు. ముగ్గుపిండి గుప్పిట పట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి సన్నగా వదులుతూ, వంగిన నడుము ఎత్తకుండా నూరు గజాలు పోయేవాళ్ళు. తాడు లేదు, కొలకట్టె లేదు. అయివారు ఒక కొసన నిలబడి, ఒక కన్ను మూసి చూసి, "చాలు తల్లీ, ఇంతకంటే నేరుగా పట్నంలో కూడా గియ్యరు" అనేవారు. ఆ గీత తొక్కి ఉరకాలంటే మాకు మనసొప్పేది కాదు.

బడి జూన్‌లో తెరిచినా ఆటల ఏడాది మొదలయ్యేది ఆగస్టు 15కే. నడుమ తొలకరి పడితే చెనక్కాయ విత్తాల. అప్పుడు పెద్దపిల్లలంతా గొర్రు వెనకాలే ఉండేవాళ్ళు. జెండా పండగ నాటికి మళ్ళీ చేరేవాళ్ళు. ఆ రోజు తలా ఒక దోసెడు బొరుగులు, ఒక బెల్లం ముక్క. తర్వాత పందేలు. గోనెసంచి పరుగు, కుంటుపరుగు, చెంచాలో నిమ్మకాయ పెట్టుకోని నడిచేది. నిమ్మకాయలు మా ఊళ్ళో ఎక్కడివి? ఎర్రగడ్డలు పెట్టేవాళ్ళు. ఓడినవాడు కూడా ఎర్రగడ్డ జేబులో వేసుకోని పోయి రాత్రికి సంగటిలో నంజుకునేవాడు. ఆ పందెంలో నష్టపోయినవాడే లేడు.

బంతి కొనే సంగతి చెప్పాల మీకు. 1957లో నయాపైసలు వచ్చినాయి. అణాకు ఆరుంబావు పైసలని లెక్క. పావుపైస ఎవడిస్తాడు? అంగడాయన ఆరే ఇచ్చేవాడు. నాలుగుసార్లు అణా మారిస్తే ఇరవై నాలుగు, నాలుగణాలు ఒక్కసారే మారిస్తే ఇరవై ఐదు. మా పెద్ద అయివారు ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపించి, "అందుకేరా, చందా అంతా ఒకచోట కూడినంకనే అంగడికి పోవాల" అన్నారు. డబ్బులు లేనివాళ్ళు చెనక్కాయలు తెచ్చేవాళ్ళు, ఒకరు కోడిగుడ్డు తెచ్చేవాళ్ళు. అంగడాయన అన్నీ జమ కట్టుకోని రబ్బరు బంతి ఇచ్చేవాడు. ఊరంతా కూడి కొన్న బంతి. అది బావిలో పడితే ఊరంతా బావి చుట్టూ చేరేది. ఆ బంతి పోయిందంటే మళ్ళీ చందా కూడేదాకా పాతగుడ్డల బంతే గతి.

1960లో రోమ్ ఒలింపిక్స్ జరిగినాయి. పేపరు మా ఊరికి బస్సులో రావాల, అదీ ఆలస్యంగా. అయివారు దాన్ని వసారాలో నిలబడి గట్టిగా చదివినారు. మిల్ఖాసింగ్ నాలుగు వందల మీటర్ల పరుగులో నాలుగోవాడిగా వచ్చినాడు. మూడోవాడికీ ఆయనకూ నడుమ రెప్పపాటు తేడా. దేశ విభజన నాడు తల్లిదండ్రులను పోగొట్టుకోని, కట్టుబట్టలతో వచ్చిన పిల్లవాడు అంతదూరం ఉరికినాడని అయివారు చెప్తుంటే ఎవరమూ కదలలేదు. రెండో తరగతి పిల్లోడొకడు లేచి, "నాలుగో ఆయనకు ఏమిచ్చినారు అయివారూ?" అని అడిగినాడు. ఏమీ ఇవ్వరన్నారు. వాడు ఊరుకుంటేనా! "అంతదూరం ఉరికినాడు కదా" అన్నాడు.

అయివారు ఆ మాట మరిచిపోలేదు. మరుసటి పందెం నుంచి మా బడిలో నాలుగోవాడికి ఒక బలపం ఇచ్చేవారు. మొదటి వాడికి సోపుడబ్బా, రెండోవాడికి పెన్సిలు, మూడోవాడికి రబ్బరు, నాలుగోవాడికి కొత్త బలపం. కడాన వచ్చినవాడిని గీత దాటేదాకా పేరు పెట్టి పిలిచేవారు. వాడు దాటితే గానీ పందెం అయిపోయినట్టు కాదు. ఆ అలవాటు మాకు కూడా పట్టించినారు. మొక్కై వంగనిది మానై వంగునా? పిల్లకాయలప్పుడే వెనకబడ్డవాడి పేరు గట్టిగా పిలవడం నేర్చినవాళ్ళు పెద్దయినా ఎదుటివాడి ఓటమి చూసి నవ్వరు. నేను చూసినాను, మా జతగాళ్ళు అట్లనే బతికినారు.

అక్టోబరు, నవంబరు నెలల్లో చెనక్కాయ పీకుడు. బడి సగం ఖాళీ. చేన్లో కూర్చోని కాయలు తెంచితే కూలి కింద కాయలే ఇచ్చేవాళ్ళు. కరువొచ్చిన ఏడు ఆ పనీ ఉండదు. కొన్ని కుటుంబాలు పని వెతుక్కుంటూ పిల్లలతో సహా ఊరు దాటిపోయేవి. అప్పుడు అయివారు ఒక పని చేసేవారు. చెడుగుడు జట్టులో ఆ పిల్లవాడి చోటు ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. ఆరుగురితోనే ఆడించేవారు. "వాడొస్తాడు, వచ్చేసరికి వాడి చోటు ఉండాల" అనేవారు. తిరిగొచ్చిన పిల్లోడు తరగతి గదిలోకి రావడానికి సిగ్గుపడేవాడు గానీ బరిలోకి మాత్రం నేరుగా వచ్చి నిలబడేవాడు. బరిలోకి వచ్చినవాడు నెమ్మదిగా తరగతిలోకీ వచ్చేవాడు.

చెడుగుడు ఇంకో మేలు కూడా చేసింది. ఆ రోజుల్లో ఊళ్ళో కొందరి ఇళ్ళకు కొందరు పోకూడదు, హోటల్లో లోటాలు వేరు. బడిలోనూ చాప మీద దూరం దూరంగా కూర్చునే పిల్లలుండేవాళ్ళు. చెడుగుడులో దూరం ఎట్లా కుదురుతుంది? కూతకొచ్చినవాడి కాలు పట్టుకోవాల, నడుము పట్టుకోవాల, మీద పడాల. మొదట్లో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు గొణిగినారు. పక్క ఊరి జట్టు మీద మనవాళ్ళు గెలుస్తున్నారనేసరికి ఆ గొణిగినవాళ్ళే, "పట్టురా, వదలద్దురా" అని కేకలు. ఏ కులం పిల్లోడు ఎవరి కాలు పట్టినాడో అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

పక్క ఊరితో పోటీ జనవరి 26న. సంక్రాంతి వెళ్ళి, ఇళ్ళల్లో ఓళిగల వాసన కూడా పోయి ఉండదు. ఆ పొద్దు జరిగే రచ్చ చెప్పాలంటే రాత్రి చాలదు. ఒకసారి మా పిల్లోడికి కూత తెగిందని వాళ్ళు, తెగలేదని మావాళ్ళు. ఆడినవాళ్ళకు లేని బాధ చూసినవాళ్ళకు! కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు తలపాగాలు విప్పి భుజాన వేసుకోని రెండు ఊళ్ళ పెద్దలు ఎదురెదురుగా నిలబడినారు. పాత గట్టు తగాదా బయటికొచ్చింది, ఎప్పటిదో ఎద్దుల బేరం బయటికొచ్చింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. పిల్లకాయలేం చేసినారు? ఇరుజట్లూ బావిగట్టున కూర్చోని ఒకరి చెనక్కాయలు ఒకరు ఒలుచుకోని తింటున్నారు. అయివారు పెద్దలకు వాళ్ళనే చూపించి, "వాళ్ళకు లేని తగవు మనకెందుకు సామీ, మళ్ళీ ఆడిద్దాం" అన్నారు. ఆడించినారు. ఎవరు గెలిచినారో అడగద్దు, ఆ ఊళ్ళోనే మీ పిన్నమ్మను ఇచ్చినాము.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే అవ్వ ఊరుకోదు. వాళ్ళకు తాడాట, ఖోఖో. పదేళ్ళు దాటితే చాలు, బరిలోకి పంపేవాళ్ళు కాదు. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని ఇంట్లో వాళ్ళ సామెత. ఆ సామెత ఆడపిల్లలకే ఎందుకు గుర్తొస్తుందో! పాలూ లేని, నీళ్ళూ లేని మన సీమలో నిలబడితే ఏమొస్తుంది, ఉరికితేనే ఏదన్నా దొరకాల.

ఉరికినారు కూడా. విన్సెంట్ ఫెర్రర్ అని స్పెయిన్ ఆయన 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ సంస్థ పెట్టినాడు. కరువు పల్లెల్లో బళ్ళు, ఆసుపత్రులు, ఇళ్ళతో పాటు ఆ సంస్థ ఆటలనూ నెత్తికెత్తుకుంది. అనంతపురంలో వాళ్ళు కట్టిన క్రీడాగ్రామంలో పల్లెపిల్లలు క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో ఆడుతున్నారు. 2010లో టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ స్వయంగా వచ్చి టెన్నిస్ బడి తెరిచినాడు. అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషూ కంప్యూటరూ నేర్పుతారు. 2024లో ఆ క్రీడాగ్రామం మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగినాయి.

నార్పల మండలంలో బండ్లపల్లి అని ఉంది. కరువుపని చట్టాన్ని, అదే ఉపాధి హామీని, 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి వచ్చి మొదలుపెట్టింది ఆ ఊళ్ళోనే. కరువు సీమలోని ఊరది. ఆ ఊరి పిల్ల బారెడ్డి అనూష ఆర్డీటీలో క్రికెట్ నేర్చి, 2023 జులై 9న బంగ్లాదేశ్ మీద మీర్పూర్‌లో మన దేశం తరఫున బంతి వేసింది. మా కాలం ఆడపిల్లలు గీతలు గీసి గట్టున నిలబడినారు. ఈ కాలం పిల్ల ఆ గీత దాటి దేశం పొలిమేర కూడా దాటింది.

అయితే ఒక మాట విను. అట్లాంటి క్రీడాగ్రామానికి పోయేది ఏ కొందరో. అందరు పిల్లలూ ఉరికేది చిన్నబడి ముందరే. అక్కడ రోజూ ఒక గంట ఆట లేకపోతే ఎవరి కాళ్ళలో ఏముందో ఎవరికి తెలుస్తుంది? తెలియకపోయినా ఫరవాలేదు, ఆ వయసులో ఉరకడమే వాళ్ళ హక్కు. పరీక్షలు దగ్గరపడినాయని ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తున్నారని నువ్వే చెప్పినావు. మీ నాయన బడి కమిటీలో ఉన్నాడు కదా. వచ్చే సమావేశంలో లేచి అడగమను, పిల్లల ఆట గంట పిల్లలకే ఉంచండని. గట్టిగా అడగమను. తోడు కావాలంటే నేనూ వస్తా.