ఇంజిన్‌లో ఆ టకటక శబ్దం వెనక వందేళ్ల కథ

చిన్నప్పుడు నాన్న బండి వెనక కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజిన్‌లోంచి ఒక శబ్దం వచ్చేది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు, టకటకా అని. నాన్న వెంటనే గేరు తగ్గించేవాడు. "ఇంజిన్ కొడుతోందిరా" అనేవాడు. మెకానిక్‌ని అడిగితే "నాకింగ్" అన్నాడు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. ఈరోజు ఎపిసోడ్ ఆ శబ్దం గురించే. ఎందుకంటే దాన్ని ఆపడానికి మనుషులు ఎంచుకున్న దారి ప్రపంచం మొత్తానికీ విషం పంచింది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. సిలిండర్‌లో పెట్రోల్ ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. పిస్టన్ దాన్ని నొక్కుతుంది, స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. మంట అక్కడి నుంచి గుండ్రంగా పాకుతుంది. ఇంతవరకూ ఓకే. కానీ కాలిన గ్యాస్ వేడికి ఉబ్బుతుంది కదా, అది ఇంకా కాలని గ్యాస్‌ని మూలకి నెడుతుంది. జాతరలో వెనక నుంచి తోస్తుంటే గోడ దగ్గరున్నవాళ్లు నలిగిపోతారు చూడండి, అలా అన్నమాట. నలిగిన కొద్దీ ఆ గ్యాస్ వేడెక్కుతుంది. మంట వచ్చేలోపే తనంతట తాను అంటుకుంటే, ఒక్క దెబ్బన ప్రెజర్ పెరిగి అలలు సిలిండర్ గోడలకి కొడతాయి. మనకి వినిపించే టకటక అదే.

ఈ మాట మొదట గట్టిగా చెప్పినవాళ్లలో ఒకరు ఇంగ్లండ్ ఇంజినీర్ హ్యారీ రికార్డో. అప్పట్లో అందరూ ఒప్పుకోలేదు. కొందరు "కాదు, మంటే పేలుడు అలగా మారి ధ్వని కన్నా వేగంగా దూసుకుపోతోంది" అన్నారు. ఈ వాదన దశాబ్దాలు నడిచింది.

ఈలోగా అమెరికాలో కార్ల కంపెనీలకి తొందర. కంప్రెషన్ పెంచితే అదే పెట్రోల్‌తో ఎక్కువ పవర్ వస్తుంది, కానీ పెంచితే నాకింగ్. 1916లో చార్లెస్ కెటరింగ్ దగ్గర థామస్ మిడ్‌గ్లీ అనే యువకుడు ఈ పని మీద పడ్డాడు. ఇంధనానికి ఎరుపు రంగు ఉంటే వేడిని బాగా పీల్చుకుంటుందేమో అని ఒక ఊహ. రంగు దొరక్క అయోడిన్ కలిపాడు. నాకింగ్ తగ్గింది! తర్వాత వేరే ఎరుపు రంగులు కలిపితే ఏమీ జరగలేదు. అంటే పని చేసింది రంగు కాదు, అయోడిన్. ఊహ తప్పు, ఫలితం మాత్రం కరెక్ట్.

అక్కడి నుంచి ఒక్కో రసాయనం పరీక్షిస్తూ పోయారు. 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్, అంటే సీసం కలిసిన ద్రవం దొరికింది. కొద్ది చుక్కలకే శబ్దం మాయం. 1923లో అమ్మకం మొదలైంది. 1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ పదార్థం తయారుచేసే కార్మికులు మతి చలించి ఐదుగురు చనిపోయారు, ఇంకెందరో ఆస్పత్రి పాలయ్యారు. మిడ్‌గ్లీ ఏం చేశాడో తెలుసా? విలేకరుల ముందు ఆ ద్రవం చేతులకి రాసుకుని, వాసన పీల్చి, ఏం కాదన్నాడు. అంతకుముందు ఏడాదే ఆయన స్వయంగా సీసం విషం వల్ల సెలవు పెట్టాడు!

ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని వాళ్లకి అప్పటికే తెలుసు. అయినా సీసమే గెలిచింది.

మరి అసలు వాదన ఏమైంది? 1940లలో అమెరికాలో సెకనుకు 40,000 ఫొటోలు తీసే కెమెరాని ఇంజిన్‌కి పెట్టారు. మీ ఫోన్ స్లో మోషన్ 240 తీస్తేనే గొప్పగా అనుకుంటాం! ఆ తర్వాత 2,00,000కి వెళ్లారు. చూస్తే, గ్యాస్ తనంతట తాను అంటుకోవడమూ ఉంది, వేగంగా పోయే అలా ఉంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

ఆ రెండూ ఎలా కలుస్తాయో 1980లో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్డోవిచ్ లెక్కకట్టి చూపించాడు. పెళ్లింటి సీరియల్ లైట్లు గుర్తు తెచ్చుకోండి. వెలుగు పరిగెత్తినట్టు కనిపిస్తుంది, కానీ ఏ బల్బూ కదలదు. ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంది, అంతే. సిలిండర్ మూలలో కూడా అన్ని చోట్లా ఒకే వేడి ఉండదు. ఎక్కువ వేడిగా ఉన్నచోటు ముందు అంటుకుంటుంది, తర్వాత పక్కది, ఆ తర్వాత దాని పక్కది. ఇక్కడ ఒకచోటి మంట పక్కదాన్ని అంటించడం లేదు. ఎవరి టైముకి వాళ్లు అంటుకుంటున్నారు. వేడిలో తేడా తక్కువైతే ఈ పరుగు ఇంకా వేగంగా కనిపిస్తుంది. ఆ వేగం ధ్వని వేగానికి దగ్గరైతే ప్రెజర్ అల, మంట ఒకదాన్నొకటి ఎగదోసుకుని నిజమైన పేలుడు అలగా మారగలవు.

ఇంత అర్థమయ్యేసరికి సీసం అరవై ఏళ్లు పొగగొట్టాల్లోంచి వచ్చేసింది. గాలిలో, మట్టిలో, పిల్లల రక్తంలో చేరింది. పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీసే విషం అది. మన దేశంలో 2000లో ఆపారు. కార్లకి సీసం పెట్రోల్ అమ్మిన చివరి దేశం అల్జీరియా, 2021లో ఆపింది. ఇప్పుడు మన బంకుల్లో ఈ20 పోస్తున్నారు కదా, అందులో 20 శాతం ఇథనాల్. అంటే ఆల్కహాలే! ఆనాడు పక్కన పెట్టినదే తిరిగొచ్చింది.

నాన్న చేసింది ఏంటి? శబ్దం రాగానే గేరు తగ్గించాడు, ఇంజిన్ మీద భారం తగ్గించాడు. కంపెనీలు చేసింది ఏంటి? శబ్దం నొక్కేసి, భారం మన పిల్లల మీద వేశాయి. శబ్దం ఆగిందంటే సమస్య తీరినట్టు కాదు ఫ్రెండ్స్. అది ఎక్కడికి పోయిందో కూడా అడగాలి.

మీ బండి ఎప్పుడైనా ఇలా కొట్టిందా? కామెంట్లలో చెప్పండి. మళ్లీ కలుద్దాం.