ఎలుగుబంటి కోసం కన్నీళ్లు

ఈమధ్య మా మనవడు పట్టుబట్టి నన్నో బొమ్మల సినిమాకు లాక్కెళ్లాడు. కథ చెప్పమంటే సిగ్గేస్తుంది. ఒక బొద్దు ఎలుగుబంటి, దానికో వాగుడుకాయ కోడిపుంజు స్నేహం. ఇద్దరూ కలిసి ఐస్‌క్రీం బండి ఎత్తుకుపోయి... ఇక వద్దులెండి. వాడికి తొమ్మిదేళ్లు, నవ్వాడంటే అర్థముంది. డెబ్బై దాటిన నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. అంత నవ్వినవాణ్ణి కాస్తా, ఆ ఎలుగుబంటి తనవాళ్లకు దూరమై వానలో ఒంటరిగా కూర్చునేసరికి జేబురుమాలు వెతుక్కున్నాను.

“తాతయ్యా, ఏడుస్తున్నావా?” అన్నాడు వాడు, హాలంతా వినబడేట్టు.

ఏసీ గాలికి కళ్లు మండుతున్నాయన్నాను.

లేని ఎలుగుబంటి కోసం కన్నీళ్లేమిటని ఇంటికొచ్చాక నాకే చిన్నతనంగా తోచింది. అయితే ఈ జబ్బు నాకంటే చాలా గొప్పవాళ్లకు ముందే తగిలింది. తేదీతో సహా చెప్పగలను. 1937 డిసెంబరు 21 రాత్రి, లాస్ ఏంజెలిస్‌లోని కార్థే సర్కిల్ థియేటర్లో. ఆడింది వాల్ట్ డిస్నీ తీసిన ‘స్నోవైట్, ఏడుగురు మరుగుజ్జులు’.

బొమ్మలు కదలడం అప్పటికే పాత సంగతి. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లోనే కదిలించాడు. మన ఫాల్కేగారు 1915లో అగ్గిపుల్లల చేత గంతులు వేయించారు. జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆవిడ కత్తిరించిన నల్లటి నీడబొమ్మలతో 1926లోనే గంట దాటిన సినిమా తీసింది. తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఆ నీడలు పరాయివిగా అనిపించవు. కాని అమెరికాలో కార్టూన్ అంటే అసలు సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషాల ముచ్చట, విస్తట్లో ఆవకాయ బద్దలాంటిది. ఆవకాయతోనే భోజనమంతా కానిచ్చేయండంటే ఎవరు కూర్చుంటారు?

డిస్నీ ఆ మాటే అన్నాడు. 1934లో ఒక సాయంత్రం తన చిత్రకారులందర్నీ కూర్చోబెట్టి, రాణీ తనే, మరుగుజ్జులూ తనే అయిపోయి కథంతా ఆడి చూపించాడు. వాళ్లు మురిసిపోయారు గాని, ఇంట్లో భార్య, ఆఫీసులో లెక్కలు చూసే అన్నగారు రాయ్ వద్దుగాక వద్దన్నారు. హాలీవుడ్ దానికి ‘డిస్నీ వెర్రి’ అని పేరు పెట్టేసింది. రెండున్నర లక్షల డాలర్లనుకున్న ఖర్చు పదిహేను లక్షలకు చేరింది. ఇల్లు తాకట్టుకెళ్లింది. చివరికి బ్యాంకు ఆయన్ని పిలిచి, సగం పెన్సిలు గీతలుగానే ఉన్న సినిమా చూపించి అప్పు తెచ్చుకోవలసి వచ్చింది.

ఖర్చు ఎందుకైందంటారా? సినిమా నిడివి 83 నిమిషాలు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. మా వాడి చేత గుణింపించాను, లక్షా పందొమ్మిది వేల పైచిలుకు వచ్చాయి. కాగితం మీద వేసిన ప్రతి బొమ్మ పైనా పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు పరిచి, సిరాతో గీతలు దిద్ది, దాన్ని తిరగేసి వెనక వైపు రంగులు నింపాలి. చెయ్యి వణికితే మళ్లీ మొదటికి రావాలి. ఈ పని చేసినవాళ్లు దాదాపు అందరూ వయసులో ఉన్న ఆడపిల్లలు. స్నోవైట్ బుగ్గల మీది ఆ లేత ఎరుపు కూడా వాళ్లు చేత్తో అద్దిందే, ఒక్కొక్క రేకు మీదా. 1938లో ఉద్యోగం అడుగుతూ రాసిన ఒకమ్మాయికి, సృజనాత్మకమైన పనంతా కుర్రవాళ్లదేననీ ఆడవాళ్లకు ఉన్నది గీతలు దిద్దడం, రంగులు నింపడమేననీ స్టూడియో జవాబు రాసింది. ఆ ఉత్తరం ఈనాటికీ ఉంది.

సరే, ఆ రాత్రి సంగతి. హాల్లో ఉన్నవాళ్లు మామూలు జనం కాదు, తారాలోకం. గ్లిజరిన్ కన్నీళ్ల రహస్యం బాగా తెలిసినవాళ్లు. చచ్చిపోయిందనుకున్న స్నోవైట్ చుట్టూ ఏడుగురు మరుగుజ్జులూ నిలబడ్డారు. ఆ దృశ్యంలో మరుగుజ్జుల్ని గీసిన ఫ్రాంక్ థామస్ వాళ్లను ఎక్కువ కదలనివ్వలేదు. నించున్నారు, కళ్లు చెమర్చాయి, అంతే. క్లార్క్ గేబుల్, కరోల్ లొంబార్డ్ ఏడ్చారని అక్కడే ఉన్న మరో చిత్రకారుడు వార్డ్ కింబల్ తర్వాత చెప్పుకున్నాడు. వాళ్లు ఏ గాలి మీద నెపం పెట్టారో!

వెర్రి కాస్తా వరహాలు కురిపించింది. 1939లో డిస్నీకి ప్రత్యేక ఆస్కార్ ఇస్తూ ఒక పెద్ద ప్రతిమ, ఏడు చిన్న ప్రతిమలు చేయించారు. చిన్నారి షర్లీ టెంపుల్ చేతుల మీదుగా ఇప్పించారు. చూడముచ్చటైన ఫోటో అది. స్నోవైట్‌కు గొంతిచ్చిన ఎడ్రియానా కాసెలోట్టి పేరు మాత్రం తెర మీద పడలేదు. రంగులద్దిన పిల్లల పేర్లూ పడలేదు.

నాకు ఈ చరిత్రలో గుచ్చుకునేది ఆ తర్వాతి ముచ్చట. జీతాలు, గుర్తింపు, యూనియన్ విషయాల్లో లోపల రగిలింది. దుష్టరాణిని గీసిన ఆర్ట్ బాబిట్ మంచి జీతగాడే అయినా తక్కువ జీతాలవాళ్ల పక్షం చేరాడు. ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. 1941 మే 29న సమ్మె మొదలైంది. లోకాన్ని నవ్వించే బొమ్మలు వేసినవాళ్లు, అవే బొమ్మలు అట్టల మీద వేసుకుని గేటు బయట నిలబడ్డారు. చివరికి యూనియన్‌ను గుర్తించక తప్పలేదు. అదే సంవత్సరం అక్టోబరులో ‘డంబో’ వచ్చింది. అందులో సర్కస్ విదూషకులు కొందరు గుడారంలో నీడల్లా కనిపిస్తూ, యజమానిని జీతం పెంచమని అడగడానికి కేరింతలతో బయలుదేరతారు. అది సమ్మె చేసినవాళ్లకు వెక్కిరింతేనంటారు చాలామంది. ఏనుగు పిల్ల ఎగిరే సినిమాలో ఇంత తగువు దాగి ఉందని చూసే పిల్లలకెలా తెలుస్తుంది?

మొన్న మా సినిమా అయిపోగానే జనం లేచిపోయారు. నేనూ లేవబోతే మనవడు చొక్కా పట్టుకు లాగాడు. తెర మీద పేర్లు పాకుతున్నాయి, చీమల బారులాగా. గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న కుర్రాడు మేమెప్పుడు కదులుతామా అని చూస్తున్నాడు. మధ్యలో రెండు మూడు తెలుగు పేర్లు దొర్లాయి. ఈ పనులు చేసే స్టూడియోలు మన హైదరాబాదులోనూ ఉన్నాయి కదా!

“తాతయ్యా, ఎలుగుబంటిని వేసింది వీళ్లేనా?” అంటూ వాడు పైకి చదవడం మొదలుపెట్టాడు. కూడబలుక్కుని ఒక పేరు పూర్తిచేసే లోపల పది పేర్లు పైకెళ్లిపోతున్నాయి.