కోటగోడ మీది దారి

మా కదిరిలో గోడ పక్కన నడవడం అలవాటే గానీ గోడెక్కి నడవడం తెలియదు. నరసింహస్వామి గుడి ప్రాకారం చుట్టూ తిరిగిన కాళ్లు కోటగోడ చూడాలంటే పెనుకొండకు పోవాలి. అక్కడి కోట 14వ శతాబ్దంలో, బుక్కరాయల కాలంలో లేచింది. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడాక తిరుమలరాయలు రాజధానిని అక్కడికే తెచ్చాడు. అయితే కొండ ఎక్కడానికే సగం ఊపిరి పోతుంది. దాన్ని షికారు అనలేం.

తెలుగునేల మీద కోటగోడ ఎక్కి తీరిగ్గా నడవాలంటే ఓరుగల్లే. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తిచేయించింది. సున్నం లేకుండా పెద్ద పెద్ద బండలను ఒకదానికొకటి అతికేలా పేర్చారు. నన్ను ఆపేసింది మాత్రం లోపలివైపు కనిపించే మెట్లు. ఒకచోట, రెండుచోట్ల కాదు, గోడ పొడవునా మెట్లే. శత్రువు ఏ వైపు వచ్చినా సైనికుడు నిలబడ్డచోటి నుంచే పైకి ఉరకాలి కదా! యుద్ధానికని వేసిన ఆ సౌకర్యమే ఇప్పుడు చూడవచ్చినవాళ్లను గోడ మీదికి ఎక్కిస్తోంది. రాతికోట అవతల అగడ్త, దాని అవతల మట్టికోట. 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలుగ్ ఖాన్ రెండో ముట్టడిలో గానీ రాతికోట లొంగలేదు.

కాకతీయుల రాజ్యం పోయినా గోడ నిలవడానికి కారణం, నా లెక్కలో, ఊరు బయటికి పెరగడమే. బజారు, స్టేషను, కచేరీలు కోట అవతలే వెలిశాయి. లోపల ఖిలా వరంగల్ పల్లెగా, పొలాలతో మిగిలింది. గోడ ఎవరికీ అడ్డం కాలేదు.

హైదరాబాదులో అడ్డమైంది. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన నగర ప్రాకారాన్ని మొదటి నిజాం పూర్తిచేయించాడు. 1908 మూసీ వరద కొంత గోడను కూల్చింది, తర్వాత రోడ్ల కోసం దర్వాజాలను తీసేశారు. పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రం మిగిలాయి. లాల్‌దర్వాజకు బోనాల సందడి ఉంది, దర్వాజ లేదు.

ఇటలీలోని లూకా పట్టణం వేరే దారి పట్టింది. ఫిరంగి దెబ్బలకు ఆగాలని మట్టి దట్టించి వెడల్పుగా కట్టిన 4 కిలోమీటర్ల గోడ అది. యుద్ధాల కాలం గడిచాక, 19వ శతాబ్దంలో దాని మీద చెట్ల నీడన బాట తీర్చారు. నేడు జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు.

ఓరుగల్లు రాతిగోడ మీద అలాంటి నీడ లేదు. పొద్దెక్కితే బండ కాలుతుంది. కదిరివాళ్లకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు, తెల్లవారుజామునే ఎక్కి దిగేస్తారు.