గీతాంజలి మళ్లీ వచ్చింది: దెయ్యం కన్నా ఫ్లాపుకే ఎక్కువ భయపడే ఫ్రెండ్స్ కథ.. గోదావరి వాళ్లకి ఎందుకంత స్పెషల్?

తెలుగులో హారర్ కామెడీలకి లోటు లేదు. సీక్వెల్స్‌కీ కొదవ లేదు. కానీ అదే హీరోయిన్, అదే ఫ్రెండ్స్ గ్యాంగ్ దాదాపు పదేళ్ల తర్వాత తిరిగి రావడం మాత్రం అరుదు. ‘గీతాంజలి’ 2014 ఆగస్టు 8న వచ్చింది. సీక్వెల్ ‘గీతాంజలి మళ్లీ వచ్చింది’ 2024 ఏప్రిల్ 11న థియేటర్లలోకి దిగింది. హీరోయిన్ అంజలికి ఇది 50వ సినిమా. ఇంతకీ కథేంటి? ఎవరెవరున్నారు? చూసేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ..

మొదటి భాగంలో ఏం జరిగింది?

శ్రీను (శ్రీనివాస రెడ్డి) డైరెక్టర్ అవ్వాలని హైదరాబాద్ వచ్చిన కుర్రాడు. స్నేహితులతో కలిసి ఒక ఫ్లాట్‌లో దిగుతాడు. ఆ ఇంట్లో దెయ్యం ఉందని అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. గీతాంజలి, ఉషాంజలి అనే అక్కాచెల్లెళ్ల పాత్రలు రెండూ అంజలే చేసింది. చనిపోయిన గీతాంజలికి న్యాయం దక్కాలన్నదే అసలు కథ. విలన్‌గా రావు రమేశ్, సైతాన్ రాజ్‌గా బ్రహ్మానందం కనిపిస్తారు. ఈ సినిమాకి అంజలి 2014 సంవత్సరానికి ఉత్తమ నటిగా నంది అవార్డు అందుకుంది. దెయ్యం సినిమాలో చేసిన పాత్రకి నంది రావడం చిన్న విషయం కాదు.

సీక్వెల్ కథ ఎక్కడ మొదలవుతుంది?

శ్రీను అనుకున్నట్టే డైరెక్టర్ అయ్యాడు. కానీ వరసగా మూడు ఫ్లాపులు. ఫోన్ ఎత్తే నిర్మాత లేడు, చేతిలో డబ్బు లేదు. పక్కన ఉన్నది ఆత్రేయ (సత్యం రాజేశ్), ఆరుద్ర (షకలక శంకర్) మాత్రమే. బతకాలి కాబట్టి ముగ్గురూ కలిసి సొంత ఫ్రెండ్ అయాన్‌నే (సత్య) మోసం చేస్తారు. నిన్ను హీరోని చేస్తామని నమ్మించి డబ్బులు లాగుతుంటారు.

ఇంతలో ఊటీ నుంచి విష్ణు (రాహుల్ మాధవ్) కబురు పెడతాడు. సినిమా తీద్దాం రమ్మంటాడు, కానీ షూటింగ్ సంగీత్ మహల్‌లోనే జరగాలంటాడు. ఆ మహల్‌లో దెయ్యాలున్నాయని ఊరంతా చెప్పుకుంటారు. ఊటీలో కాఫీ షాప్ నడిపే అంజలి ఈ సినిమాకి హీరోయిన్ అవుతుంది. పిలిచినవాడి లెక్క వేరే ఉందని మనవాళ్లకి తెలియదు. అది ఇక్కడ చెప్పేస్తే మజా పోతుంది.

నవ్వు వెనక ఉన్న అసలు పాయింట్

గ్యాంగ్‌కి దెయ్యమంటే భయమే. కానీ అంతకన్నా పెద్ద భయం ఖాళీ చేతులతో ఊరికి తిరిగి వెళ్లడం. అందుకే భూత్ బంగ్లా అని తెలిసినా వెనక్కి తగ్గరు. మరోపక్క అయాన్ విషయం ఉండనే ఉంది. అబద్ధం చెప్పి తీసుకొచ్చిన స్నేహితుడికి ఇప్పుడు నిజంగానే హీరో ఛాన్స్ వచ్చింది. అది కూడా ప్రాణాలకి గ్యారెంటీ లేని చోట! మోసంతో మొదలైన స్నేహం కష్టం వచ్చినప్పుడు నిలబడుతుందా లేదా.. ఈ ఒక్క ప్రశ్నే కామెడీ సీన్లకి కాస్త బరువు తెచ్చింది. సినిమా ఛాన్సుల కోసం గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్ బస్సెక్కిన ఎంతోమంది కుర్రాళ్లకి ఈ భయం కొత్తేం కాదు.

గోదావరి లెక్క

అంజలిది రాజోలు దగ్గర మొగలికుదురు. ‘ఫొటో’ (2006) సినిమాతో తెలుగు తెరకి వచ్చి, తమిళంలో పేరు తెచ్చుకుంది. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ (2013)లో సీతగా గోదావరి యాసలో మాట్లాడి మళ్లీ మనింటి పిల్ల అయిపోయింది. అయాన్‌గా నవ్వించిన సత్యది అమలాపురం. ఇందులోనే కనిపించే అలీది రాజమండ్రి, సునీల్‌ది భీమవరం. కథ జరిగేది ఊటీలోనే అయినా, నవ్వించే బాధ్యత మాత్రం సగం గోదావరి వాళ్లదే అన్నమాట.

తెర వెనక ఎవరు?

దర్శకుడు శివ తుర్లపాటి. కథ రాసి, నిర్మాణంలోనూ పాలుపంచుకున్నది కోన వెంకట్. ఎంవీవీ సినిమాస్ కూడా నిర్మాణంలో ఉంది. రెండు భాగాలకీ సంగీతం ప్రవీణ్ లక్కరాజు. టీజర్‌ని బేగంపేట శ్మశానవాటికలో విడుదల చేస్తామని టీమ్ ప్రకటించడం అప్పట్లో పెద్ద చర్చ అయింది.

మిగతా హారర్ సీక్వెల్స్‌తో పోలిస్తే?

‘రాజుగారి గది 2’ (2017) నాగార్జున, సమంతతో ఎమోషన్ వైపు వెళ్లింది. ‘మా ఊరి పొలిమేర 2’ (2023) చేతబడి చుట్టూ సీరియస్‌గా తిరిగింది. అందులో మెయిన్ రోల్ చేసింది మన ఆత్రేయ, అదే సత్యం రాజేశే! లారెన్స్ ‘కాంచన’ సిరీస్‌లో దెయ్యమంటే వణికిపోయే హీరోనే చివరికి ఆ దెయ్యం పగ తీరుస్తాడు. ‘గీతాంజలి’ రూటు వేరు. ఇక్కడ ఒంటరి హీరో ఉండడు, గ్యాంగ్ మొత్తం కలిసే భయపడుతుంది.

చూడొచ్చా?

రివ్యూలు మిశ్రమంగానే వచ్చాయి. మొదటి భాగంలోని మిస్టరీ ఇందులో అంత గట్టిగా లేదు, భయపెట్టే సీన్లూ తక్కువే. నిలబెట్టింది మాత్రం కామెడీ, ముఖ్యంగా సత్య టైమింగ్. గుండె ఝల్లుమనే హారర్ కావాలంటే ‘పొలిమేర 2’ పెట్టుకోండి. నలుగురు ఫ్రెండ్స్ ఒకచోట చేరి నవ్వుకోవాలంటే మాత్రం ఇది సరిపోతుంది. అయితే ముందు 2014 నాటి ‘గీతాంజలి’ చూసి రండి. లేదంటే ఊటీలో ఎవరి పగ ఎవరిమీదో అర్థం కావడానికి కాస్త టైమ్ పడుతుంది.