ద్రవ నత్రజని పాత్ర: శూన్యమే కవచం

గ్రామీణ పశువైద్యశాలల్లో, గోపాలమిత్రల ఇళ్లలో ఒక మూలన ఉండే పాలక్యాను వంటి అల్యూమినియం పాత్రలో ద్రవ నత్రజని ఉంటుంది. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. అందులో మునిగి ఉండే సన్నని స్ట్రాలలో మేలుజాతి ఆబోతుల, దున్నపోతుల ఘనీకృత వీర్యాన్ని భద్రపరుస్తారు. ఈ పాత్రకు విద్యుత్తు అక్కరలేదు, యంత్రమేదీ లేదు. రెండు గోడల నడుమ ఉన్న శూన్యమే దానికి ఆధారం. ఆ శూన్యం చెడితే చప్పుడు కాదు. వీర్యం నిర్జీవమైనా స్ట్రా రూపు మారదు. పాడిరైతుకు తెలిసేది పశువు చూడి కట్టనప్పుడే.

ఈ పాత్రకు మూలరూపాన్ని 1892లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ రూపొందించారు. ద్రవరూపంలోకి మార్చిన వాయువులు గది వేడికే మరిగి ఆవిరైపోవడం ఆనాటి పరిశోధకులకు పెద్ద చిక్కు. ఒక గాజుపాత్రలో మరొకటి అమర్చి, మధ్యనున్న గాలిని తోడివేయడంతో ఆ చిక్కు తీరింది. డ్యూవార్ దానికి పేటెంటు తీసుకోలేదు. తరువాత జర్మనీలో అదే సూత్రంతో థర్మాస్ ఫ్లాస్కు బజారుకు వచ్చింది. శ్రీహరికోటలో రాకెట్ ఇంధనమైన ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల వద్ద నిల్వ చేసేందుకూ ఈ శూన్యమే తోడ్పడుతోంది.

వేడి ఒకచోటి నుంచి మరొకచోటికి వహనం, సంవహనం, వికిరణం అనే మూడు విధాలుగా చేరుతుంది. మొదటి రెండింటికీ పదార్థం కావాలి కనుక శూన్యం వాటిని దాదాపు అడ్డుకుంటుంది. వికిరణాన్ని డ్యూవార్ పాత్రల్లో వెండిపూత వెనక్కి పంపేది. నేటి పాత్రల్లో ఆ పని పొరలుపొరలుగా చుట్టిన పలుచని అల్యూమినియం రేకులు చేస్తాయి. గోడల నడుమ మిగిలిన కొద్దిపాటి వాయువును పీల్చుకునే పదార్థాన్ని కూడా అమరుస్తారు. ఇక మిగిలేది మెడ. వేడి ఎక్కువగా చొరబడేది అక్కడినుంచే కాబట్టి దానిని ఇరుకుగా, వేడిని అంతగా ప్రసరింపజేయని ఫైబర్‌గ్లాస్ వంటి పదార్థంతో చేస్తారు. లోపలి పాత్ర వేలాడేది ఈ మెడ ఆధారంగానే. పాత్రను ఈడ్చినా, పక్కకు పడవేసినా, గతుకుల దారిలో కట్టకుండా తీసుకెళ్లినా దెబ్బ ముందుగా తగిలేది దానికే.

మూత ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. ఒక లీటరు ద్రవ నత్రజని ఆవిరై గది ఉష్ణోగ్రతకు వస్తే సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. ఆవిరి పోతోందన్న బెంగతో మూతను గుడ్డ చుట్టి బిగిస్తే పాత్ర పేలిపోవచ్చు.

వీర్యకణాలకు ముప్పు ద్రవం పూర్తిగా ఇంకిపోయినప్పుడే కాదు, స్ట్రాలను మెడ పైదాకా ఎత్తినప్పుడు కూడా ఉంటుంది. ఉష్ణోగ్రత మైనస్ 80 డిగ్రీల సమీపానికి పెరిగితే కణాల్లో మంచు స్ఫటికాలు పెద్దవై హాని చేస్తాయి. స్ట్రాను తిరిగి ద్రవంలో ముంచినా ఆ హాని పూడదు. అందుకే స్ట్రాలున్న గిన్నెను మెడలోని మంచు గీత దాటనివ్వక, కావలసిన స్ట్రాను పటకారుతో కొన్ని క్షణాల్లోనే తీయాలి. దానిని 37 డిగ్రీల నీటిలో అర నిమిషం కరిగించి వెంటనే వాడాలి. ఇక్కడ జరిగిన పొరపాటుకు నష్టపోయేది రైతు. ఒక ఎద వృథా అయితే మళ్లీ దాదాపు 21 రోజులు ఆగాలి. ఆ మేత ఖర్చంతా అదనం. తప్పు పశువుదేనని తలచి దానిని అమ్మేసే వారూ ఉంటారు. పాత్రను అనుమానించేవారు అరుదు.

ద్రవమట్టం చూడటానికి చెక్క లేదా ప్లాస్టిక్ కొలబద్దను అడుగుదాకా ముంచి, బయటికి తీసి గాలిలో ఊపితే మంచు పట్టినంత మేర ద్రవం ఉన్నట్టు లెక్క. బోలు గొట్టం వాడకూడదు. ద్రవం పైకి చిమ్ముతుంది. కొలతను ప్రతిసారీ తేదీతో రాసుకుంటే తరుగుదల హఠాత్తుగా పెరిగిన సంగతి బయటపడుతుంది. పాత్ర బయటి గోడకు చెమ్మగానీ మంచుగానీ పట్టిందంటే శూన్యం చెడినట్టే. అప్పుడు స్ట్రాలను ఆలస్యం లేకుండా మరో పాత్రకు మార్చాలి.

నత్రజనికి రంగు, వాసన లేవు. కిటికీలు మూసిన గదిలోనో కారులోనో అది ఆక్సిజన్ శాతాన్ని తగ్గించి, హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పిస్తుంది. ద్రవం నింపేటప్పుడు వదులు తోలు చేతి తొడుగులు, కళ్లకు రక్షణ, పాదాలను పూర్తిగా కప్పే చెప్పులు అవసరం. పాత్ర ఒకసారి ఎండిపోయినట్టు తేలితే, మళ్లీ నింపినంత మాత్రాన అందులోని స్ట్రాలను వాడరాదు. కొన్నింటిని కరిగించి, సూక్ష్మదర్శినిలో వీర్యకణాల చలనం సరిచూసిన తరువాతే మిగిలినవాటిని ఉంచాలా, పారవేయాలా అని నిర్ణయించాలి.