‘చీఫ్’ కాదు, ఆయన పేరు చార్లెస్ బెండర్



ఈసారి మన గ్రూపులో కొంచెం దూరం వెళ్దాం. అమెరికా, బేస్‌బాల్, వందేళ్ళ కిందటి సంగతి. మనకెందుకు ఈ ఆట అని అడిగే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటారు. చివరి దాకా చదవండి, ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో బంతి వేసేవాణ్ణి పిచ్చర్ అంటారు. క్రికెట్‌లో బంతి నేలకు తగిలి లేస్తుంది. ఇక్కడ అలా కాదు, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి నేరుగా గాలిలోనే వస్తుంది. కొట్టేవాడు మూడు మంచి బంతులు వదిలేసినా, ఊపి కొట్టలేకపోయినా ఔట్. దాన్నే స్ట్రయికౌట్ అంటారు. క్యాచ్ పట్టేవాళ్ళ సాయం అక్కర్లేదు, పిచ్చర్ తన చేత్తోనే ఎదుటివాణ్ణి పంపించేస్తాడు. అందుకే ఈ లెక్క ఎక్కువ ఉన్న పిచ్చర్లంటే జనానికి పిచ్చి.

1900 తర్వాత మొదటి ఇరవై ఏళ్ళు పిచ్చర్ల కాలం. బంతి మెత్తగా ఉండేది, ఎంత కొట్టినా దూరం పోయేది కాదు. పక్కకి పోయిన ఫౌల్ కొట్టుళ్ళను కూడా మొదటి రెండు స్ట్రయిక్‌లుగా లెక్కపెట్టే రూల్ 1901లో ఒక లీగ్‌లో, 1903లో రెండో లీగ్‌లో వచ్చింది. దాంతో స్ట్రయికౌట్లు పెరిగాయి.

ఆ రోజుల్లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ అనే జట్టులో రూబ్ వాడెల్ అనే ఎడమచేతి పిచ్చర్ ఉండేవాడు. 1904లో ఒక్క సీజన్‌లోనే 349 మందిని స్ట్రయికౌట్ చేశాడు. ఆ లెక్కని దాటడానికి 1965 దాకా పట్టింది, దాటింది శాండీ కోఫాక్స్. వాషింగ్టన్ జట్టు పిచ్చర్ వాల్టర్ జాన్సన్ 1907 నుంచి 1927 దాకా ఆడి 3,500కి పైగా స్ట్రయికౌట్లు తీశాడు. ఆ రికార్డు 1983 దాకా నిలిచింది.

వాడెల్ పక్కనే, అదే జట్టులో, ఒక ఆదివాసీ కుర్రాడు ఉన్నాడు. మనం చెప్పుకోవాల్సింది ఆయన గురించే.

చార్లెస్ ఆల్బర్ట్ బెండర్ 1884లో మిన్నెసోటాలో పుట్టాడు. తల్లి ఒజిబ్వే తెగ మనిషి, తండ్రి జర్మన్ మూలాలున్న రైతు. వైట్ ఎర్త్ అనే రిజర్వేషన్ వాళ్ళది. రిజర్వేషన్ అంటే మన దగ్గర సీటుకీ ఉద్యోగానికీ వాడే మాట కాదు, ఆదివాసీల భూములన్నీ తీసుకుని వాళ్ళకని మిగిల్చిన ప్రాంతం.

చిన్నప్పుడే ఆయన్ని ఇంటికి దూరంగా బడికి పంపారు. తర్వాత చేరింది పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టిన హాస్టల్ బడి అది. పిల్లల్లోని ‘ఇండియన్‌’ని చంపేసి మనిషిని మిగల్చాలన్నది ఆయన సిద్ధాంతం. వచ్చిన పిల్లలకి జుట్టు కత్తిరించేవాళ్ళు, పేర్లు మార్చేవాళ్ళు, సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. జబ్బు పడి ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. హాస్టల్లో మన భాష మాట్లాడితే నవ్వించుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంది కాబట్టి, ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ బడిలోనే బెండర్ బంతి పట్టాడు. 1903లో, 19 ఏళ్ళకి, అథ్లెటిక్స్‌లో చేరాడు. 1905 వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌కి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా 9 మందిని స్ట్రయికౌట్ చేశాడు. ఆ సిరీస్‌లో అథ్లెటిక్స్ గెలిచిన మ్యాచ్ అదొక్కటే. 1910లో క్లీవ్‌లాండ్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మొత్తం మ్యాచ్ వేశాడు. ఆ ఏడాది 23 గెలుపులు, 5 ఓటములు. 1911 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో 11 మందిని స్ట్రయికౌట్ చేసినా జట్టు 2-1తో ఓడింది. ఆయన ఆగలేదు, అదే సిరీస్‌లో తర్వాత రెండు మ్యాచ్‌లు గెలిపించాడు. 1910, 1911, 1913, మూడుసార్లు ఆ జట్టు ఛాంపియన్. మొత్తం మీద 212 గెలుపులు, 1,711 స్ట్రయికౌట్లు. తప్పక గెలవాల్సిన ఒక్క మ్యాచ్ ఉంటే బంతి బెండర్ చేతికే ఇస్తానని మేనేజర్ కానీ మాక్ అనేవాడు.

ఇంత చేసినా, ఆయన మైదానంలోకి దిగితే జనం చేసేదేంటి? నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ ‘ఇండియన్’ అరుపులు అరిచేవాళ్ళు. పేపర్లు తలకి ఈకలు పెట్టి కార్టూన్లు వేసేవి. పేరు పక్కన పెట్టేసి ‘చీఫ్’ అని పిలిచేవాళ్ళు. ఆయన ఏ తెగకీ నాయకుడు కాదు. ఆ రోజుల్లో ఆదివాసీ ఆటగాడు ఎవరొచ్చినా అదే పేరు. పొగుడుతున్నట్టే ఉంటుంది, కానీ మనిషిని చెరిపేస్తుంది. బెండర్ మాత్రం సంతకం అడిగితే చార్లెస్ బెండర్ అనే రాసిచ్చేవాడు. అరిచే జనాన్ని చూసి తిరిగి ‘విదేశీయులారా’ అని కేకేసేవాడని కూడా చెబుతారు. ఆ నేల మీద ముందునుంచీ ఉన్నది ఎవరో ఆ ఒక్క మాటతో చెప్పేశాడు.

1953లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకున్నారు. 1954 మే నెలలో చనిపోయాడు. సన్మాన సభ ఆగస్టులో జరిగింది, చూసుకోడానికి ఆయన లేడు. రికార్డు పుస్తకాల్లో ఇవాళ్టికీ ఆయన ‘చీఫ్ బెండర్’.

ఆయనకి మైదానమన్నా దొరికింది, నల్లజాతి పిచ్చర్లకి అదీ లేదు. తెల్లవాళ్ళ పెద్ద లీగుల్లోకి 1947 దాకా వాళ్ళని రానివ్వలేదు. టెక్సాస్‌కి చెందిన స్మోకీ జో విలియమ్స్ 1930లో, రాత్రి లైట్ల కింద, కాన్సాస్ సిటీ మోనార్క్స్ మీద 12 ఇన్నింగ్స్‌లో 27 మందిని స్ట్రయికౌట్ చేసి 1-0తో గెలిచాడు. ఆయన తల్లి కోమాంచీ తెగ మనిషి అంటారు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1999లో తీసుకున్నారు, అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నల్లజాతి లీగులు కూడా పెద్ద లీగులేనని బేస్‌బాల్ సంస్థ ఒప్పుకున్నది 2020లో. వాళ్ళ అంకెల్ని అసలు రికార్డుల్లో కలిపింది 2024లో. అంటే వాళ్ళు ఎంత బాగా ఆడినా, రాసే పుస్తకం వేరేవాళ్ళ చేతిలో ఉన్నంత కాలం ఆ అంకెలు లెక్కలోకి రాలేదు.

ఇక్కడ మనోళ్ళలో జైపాల్ సింగ్ ముండాని గుర్తు చేసుకోవాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన మన హాకీ జట్టు కెప్టెన్ ఆయన. 1946లో రాజ్యాంగ సభలో నిలబడి, తనని జంగ్లీ అంటారని, అలా అనిపించుకోవడం తనకి గర్వమేనని చెప్పాడు. బెండర్ తనకి అంటగట్టిన పేరుని పక్కన పెట్టి సొంత పేరు రాసుకున్నాడు. జైపాల్ సింగ్ తిట్టుగా వాడే మాటనే తీసుకుని జెండాలా ఎత్తాడు. దారులు వేరు, పట్టుదల ఒకటే. మనల్ని ఏమని పిలవాలో మనమే చెప్పాలి.

మన గూడేల్లో, తండాల్లో కబడ్డీ, వాలీబాల్, విలువిద్య ఆడి గెలిచినవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళ పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆడారో, ఏం గెలిచారో అడిగి నోట్‌బుక్‌లో రాద్దాం. ఊళ్ళో పిలిచే పేరుతో, వాళ్ళు చెప్పుకునే పేరుతో. వాళ్ళు బతికుండగానే రాద్దాం.

రాసినవాళ్ళు ఇక్కడే పెట్టండి. అందరం చదువుతాం.

జై ఆదివాసీ.