బొమ్మ కనిపించే తెర

రాయచూరు జిల్లాలోని హట్టి 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. అక్కడి బంగారు గనిలో ప్రాచీనుల తవ్వకాలు 640 అడుగుల లోతు దాకా కనిపించాయి. పసిడి ఉన్న రాతి పొరలు దాదాపు నిలువుగా దిగుతాయి. ఎక్కడ సన్నబడ్డాయో, ఎటు వంగాయో తెలియాలంటే సర్వేయరు గీసిన ప్లాను, సెక్షనే ఆధారం. అంకెల పట్టిక ఎంత పొడుగున్నా ఆ పని చెయ్యలేదు. కంప్యూటర్లు వచ్చాక గనులు, వంతెనలు, విమానాలతో పనిచేసే వాళ్లందరి ప్రశ్నా ఒకటే: లెక్క సరే, బొమ్మ చూపిస్తుందా?

చూపిస్తుంది, కానీ ప్రాణం మీదికొచ్చేంత ధరకి. 1964లో వచ్చిన ఐబీఎం 2250 ప్రతి గీతనూ సెకనుకు పదుల సార్లు తిరిగి గీసేది. గీతలు పెరిగితే బొమ్మ వణికేది. వెల లక్షల డాలర్లలో ఉండేది. 1972లో టెక్ట్రానిక్స్ 4010 ఒక ఉపాయం పన్నింది. గీసిన గీతను తెరలోని పూతే పట్టి ఉంచుతుంది కాబట్టి బొమ్మకి మెమరీ అక్కర్లేదు. వెల వేల డాలర్లకు దిగింది. చిక్కల్లా చెరపడంలోనే. ఒక్క గీత తప్పినా తెరంతా ఒక పచ్చటి మెరుపుతో తుడిచేసి, మొదటి నుంచి గీయాలి. రంగుల ఊసే లేదు. అయినా ఇంజనీర్లు ఎగబడి కొన్నారు.

మూడోది టీవీ పద్ధతి. తెరను చుక్కలుగా విడగొట్టి, ఒక్కో చుక్కకీ మెమరీలో చోటు పెట్టడం. నిలువునా అడ్డంగా 1024 చుక్కలున్న తెరకి, ఉత్త నలుపు తెలుపుల్లోనే, 1970ల నడిమి నాటి 4 కె బిట్ల చిప్పులు 256 కావాలి.

ఈ లెక్క హైదరాబాదుకు బాగా వర్తిస్తుంది. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12ను, 1975లో 16 బిట్ల టీడీసీ-316ను తయారుచేసింది. ఈసీ టీవీలూ ఆ సంస్థవే! పిక్చర్ ట్యూబుల పని తెలిసిన చోటే కంప్యూటర్లూ తయారయ్యాయి. ట్యూబు దొరకడం కష్టం కాదు, దాని వెనక ఉండాల్సిన మెమరీయే ప్రియం.

బొమ్మ అవసరం గట్టిగా తగిలింది నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీకి. 1974లో ఏర్పడిన ఆ సంస్థకి 1979 నుంచి షాద్‌నగర్ కేంద్రంలో ల్యాండ్‌శాట్ ఉపగ్రహం డేటా అందసాగింది. ఒక్కో దృశ్యం వెడల్పు 185 కిలోమీటర్లు. హట్టి నుంచి రాయచూరు దాకా ఉన్న నేల అందులో సగం కూడా ఉండదు. అదంతా టేపు మీద అంకెలే. నేలలో రాయి మారిన చోటు, చెరువు గట్టు, పైరు ముదిరిన చేను పసిగట్టాలంటే రంగుల్లో చూడాల్సిందే. 512 చుక్కల చదరపు తెర మీద పూర్తి రంగులు చూపడానికి 768 కె బైట్ల మెమరీ కావాలి. అప్పటి 16 బిట్ల యంత్రంలో ఒక ప్రోగ్రాం నేరుగా అందుకోగలిగేది 64 కె బైట్లు. ప్రోగ్రాంకి అందే దానికి పన్నెండు రెట్ల మెమరీ ఒక్క తెరకే! అందుకే ఇమేజ్ డిస్‌ప్లే అంటే ఒక ఉపకరణం కాదు, సొంత మెమరీతో వచ్చే మరో యంత్రం.

తర్వాత పరిస్థితి గబగబా మారింది. 64 కె బిట్ల చిప్పులు వచ్చేసరికి నలుపు తెలుపు తెరకి కావలసిన ఆ 256 చిప్పులు కాస్తా 16 అయ్యాయి. 1981లో అపోలో, 1982లో సన్ వర్క్‌స్టేషన్లు బొమ్మల తెరను బల్ల మీదికే తెచ్చాయి. మన దేశంలో 1984 నవంబరు నాటి కంప్యూటర్ విధానం దిగుమతుల పట్టు సడలించింది.

మామూలు ఆఫీసుల్లో మాత్రం అక్షరాల టెర్మినళ్లదే రాజ్యం. 1978 నాటి వీటీ100 వాటికి నమూనా: 24 వరుసలు, వరుసకి 80 అక్షరాలు, ఒక్కో అక్షరానికి పది చుక్కల గడి. ఇంగ్లిషుకి అది చాలు. ‘స్త్రీ’ అని రాయాలంటే సకారం, గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు ఆ పది చుక్కల్లో ఎక్కడ ఇరికిస్తారు? తెలుగుకి అక్షరాల టెర్మినల్ పనికిరాదు, గ్రాఫిక్స్ తెరే కావాలి. హట్టి సర్వేయరుకీ తెలుగు గుమాస్తాకీ కావలసింది ఒకే సరుకన్నమాట.

ఆ పని చేసింది జిస్ట్. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, పుణెలోని సీడాక్ చేతుల్లో పెరిగిన ఈ కార్డును పీసీలో బిగిస్తే, ఇంగ్లిషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగు కనిపించేది. జిస్ట్ టెర్మినళ్లు వీటీ100 మాదిరివాటి స్థానంలో పనిచేసేవి. వాటి వెనకున్న ఇస్కీ అనే అక్షర సంకేతాల అమరికే 1991 నాటి యూనికోడ్‌లో తెలుగు వరసకి పునాది.

మన కంప్యూటర్ చరిత్రలు ప్రాసెసర్ ఎన్ని బిట్లదో చెప్పి ఊరుకుంటాయి. దాని ముందు ఏ తెర పెట్టారో, ఎందుకు పెట్టారో రాయవు. కుషాయిగూడలోని ఈసీఐఎల్‌లో, బాలానగర్‌లోని రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీలో ఆ రోజుల్లో పనిచేసిన వాళ్లు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల ఇళ్లలో పాత మాన్యువళ్లు, టెండరు కాగితాలు, తెర ముందు దిగిన ఫొటోలు ఉంటే తూకానికి వేయకండి. ఏదైనా లైబ్రరీకి అప్పగించండి.